పక్కింటి పిల్లి, బస్సులో వెక్కిరింత, మధ్యలో టీవీ

ప్రశ్న:

అక్కా, నమస్తే. మేం ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటాం. ఆయనది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడి వచ్చిన హెచ్4. బాబుకి 11 ఏళ్ళు, హైదరాబాద్‌లో పుట్టాడు, రెండో ఏట ఇక్కడికి తెచ్చుకున్నాం. మా పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. చాలా మంచిది. పెరట్లో కాసిన టమాటాలు మాకు ఇస్తుంది, నేను గారెలు వేసినప్పుడు నాలుగు పట్టుకెళ్తే ఇష్టంగా తింటుంది. కానీ ఆవిడ లేచిన దగ్గర్నుంచీ ఇంట్లో న్యూస్ ఛానల్ మోగుతూనే ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ గొడవ వచ్చినప్పుడు తన పిల్లిని బయటికి వదలడం మానేసింది. "వాళ్ళు ఎత్తుకెళ్ళి తింటున్నారట" అంది. నేను ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని, "అయ్యో, నిన్నన్నానా, నువ్వు వాళ్ళలాంటి దానివి కాదుగా" అంది. ఏమనాలో తెలియక నవ్వి వచ్చేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇటు చూస్తే బాబుని స్కూల్ బస్సులో ఇద్దరు పిల్లలు ఇండియన్ యాసలో "థాంక్యూ, కమ్ అగైన్" అని ఏడిపిస్తున్నారు. మొన్న పేరెంట్ టీచర్ మీటింగ్‌కి బయల్దేరుతుంటే "అమ్మా, నువ్వు మాట్లాడకు, నాన్న మాట్లాడతాడు" అన్నాడు. మా ఆయనేమో "మనం లీగల్‌గా వచ్చాం, ఆ గొడవ మనకెందుకు, టెన్షన్ పడకు" అంటారు. వీళ్ళని ఇలా తయారుచేస్తున్నది టీవీయేనా, లేక ఇదంతా ముందే మనసులో ఉంటుందా? ఆవిడకి ఏం చెప్పాలి? బాబుకి టీవీ ఆపేయాలా?

పేరు వద్దు, కొలంబస్

సమాధానం:

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

ముందు పిల్లి సంగతి చూద్దాం. 2024 సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్‌కీ కమలా హారిస్‌కీ మధ్య డిబేట్ జరిగింది, దాదాపు 6 కోట్ల 70 లక్షల మంది టీవీల్లో చూశారు. మీ ఒహాయోలోనే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌కి హైతీ నుంచి వలస వచ్చినవాళ్ళు జనం పెంచుకునే కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారని ట్రంప్ అన్నాడు. డిబేట్ నడుపుతున్న ఏబీసీ యాంకర్ డేవిడ్ మ్యూర్ అక్కడికక్కడే అడ్డుపడి, మేం ఆ ఊరి సిటీ మేనేజర్‌ని అడిగాం, నమ్మదగ్గ ఫిర్యాదు ఒక్కటీ రాలేదన్నారు అని చెప్పాడు. దానికి ట్రంప్ ఏమన్నాడో గుర్తుందా? టీవీలో జనమే చెబుతుంటే చూశాను అన్నాడు. అంటే ఒక మనిషి టీవీలో నిలబడి, టీవీలో చూశాను కాబట్టి నిజం అంటున్నాడు. నువ్వడిగిన ప్రశ్నకి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను కష్టపడి వెతికినా దొరకదు.

ఆ తర్వాత ఆ ఊరికి కనీసం 33 బాంబు బెదిరింపులు వచ్చాయని గవర్నర్ మైక్ డివైన్ చెప్పాడు, అన్నీ ఉత్తుత్తివే. ఆయన ట్రంప్ పార్టీ వాడే, పైగా స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే పుట్టాడు. బడులు ఖాళీ చేయించారు, సిటీ హాల్ మూశారు. ఆ హైతీవాళ్ళలో చాలామంది అప్పటికి టీపీఎస్ అనే తాత్కాలిక రక్షణ కింద చట్టప్రకారమే ఉండేవారు, అక్కడి ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో పని చేసుకునేవారు. ఇవన్నీ కూడా టీవీలో చెప్పారు, చెప్పలేదని కాదు. కానీ నెలలు గడిచాక జనానికి గుర్తున్నది పిల్లి ఒక్కటే.

ఇంకొక్క సంగతి, ఇది బాగా గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది. ఆ ఊళ్ళో ఒకావిడ తన పిల్లి కనబడటం లేదని, పక్కింటి హైతీవాళ్ళ మీద అనుమానమని పోలీసులకి ఫోన్ చేసింది. కొన్ని రోజులకి ఆ పిల్లి ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లోనే దొరికింది, నిక్షేపంగా ఉంది. ఆవిడ కూతురిని వెంటబెట్టుకుని, ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ పెట్టుకుని పక్కింటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుంది. పేపర్లో వచ్చింది ఈ కథ. పిల్లిని తిన్నారన్న మాట విన్నవాళ్ళలో వందకి ఒక్కరైనా ఈ బేస్‌మెంట్ కథ విన్నారా అని నా అనుమానం.

సరే, మీ పక్కింటావిడ ఎందుకు నమ్మింది? ఆవిడ చెడ్డది కాదు, తెలివితక్కువదీ కాదు. ఆవిడ ఇంట్లో మాట్లాడే మనిషి టీవీ ఒక్కటే. జార్జ్ గెర్బ్‌నర్ అని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ ఉండేవాడు. 1919లో బుడాపెస్ట్‌లో పుట్టి, ఇరవయ్యేళ్ళ వయసులో హంగరీ వదిలి అమెరికా చేరినవాడు, అంటే ఆయనా వలస వచ్చినవాడే. 1960ల చివర్నుంచి కొన్ని దశాబ్దాల పాటు అమెరికన్ టీవీలో ఎవరు కనబడుతున్నారు, ఎవరు ఎవరిని కొడుతున్నారు, ఎవరు చస్తున్నారు అని ఆయన బృందం కూర్చుని లెక్కలు రాసింది. ఆయన తేల్చిందేమిటంటే, ఒక ప్రోగ్రామ్ చూసి ఎవరూ మారిపోరు. రోజూ గంటల తరబడి చూసేవాళ్ళకి మాత్రం బయటి ప్రపంచం ఉన్నదానికంటే ఎక్కువ ప్రమాదకరంగా కనబడుతుంది, ఏ క్షణాన తమ మీద ఎవరు పడతారో అన్న భయం పట్టుకుంటుంది. వాన ఒక్క చినుకుతో గోడ తడవదు కదా, కానీ ముసురు పట్టి వారం రోజులు కురిస్తే లోపలి వైపు కూడా చెమ్మ దిగుతుంది, అలాగన్నమాట.

ఆ ముసురులో ఏముందో చూడు. డిఫైన్ అమెరికన్ అని ఒక సంస్థ ఉంది, ఫిలిప్పీన్స్ నుంచి చిన్నప్పుడే వచ్చి, కాగితాలు లేకుండానే పెరిగి, పులిట్జర్ ప్రైజ్ అందుకున్న విలేకరి హోసే ఆంటోనియో వార్గాస్ పెట్టింది. వాళ్ళు లాస్ ఏంజెలెస్‌లోని నార్మన్ లియర్ సెంటర్‌తో కలిసి కొన్ని సీరియళ్ళు తీసుకుని వాటిలో వలస పాత్రలని లెక్కపెట్టారు. 2018లో ఇచ్చిన రిపోర్ట్‌లో అలాంటి పాత్రల్లో మూడో వంతుకి ఏదో ఒక నేరంతో ముడి ఉంది. 2020 రిపోర్ట్‌కి అది ఐదో వంతు దగ్గరికి దిగింది, కాస్త నయమే. కానీ అసలు లెక్క చూడు. టెక్సస్ పోలీసుల అరెస్ట్ రికార్డులు 2012 నుంచి 2018 వరకు తీసి చూస్తే, కాగితాలు లేని వలసవాళ్ళు పెద్ద నేరాల్లో పట్టుబడే రేటు అమెరికాలో పుట్టినవాళ్ళ కంటే తక్కువ ఉంది. టెక్సస్ అంటే సరిహద్దు రాష్ట్రం, అక్కడి పోలీసులేమీ వలసవాళ్ళని చూసీచూడనట్టు వదిలేసే రకం కాదు. మరి నేరం చెయ్యని మనిషితో నలభై ఐదు నిమిషాల క్రైమ్ సీరియల్ ఎలా తీస్తారు? పొద్దున్నే లేచి, బాక్స్ కట్టుకుని, మాంసం ఫ్యాక్టరీకి వెళ్ళి, సాయంత్రం పిల్లాడి హోమ్‌వర్క్ చూసే మనిషి కథలో చేతికి బేడీలు పడవు, యాడ్‌కి ముందు గుండె ఆగదు. అందుకని ఆ మనిషి తెర మీదికి రాడు.

ఇది సీరియళ్ళ సంగతి, న్యూస్‌ది ఇంకో కథ. 2005లో సీఎన్ఎన్‌లో లూ డాబ్స్ అనే యాంకర్ షోలో, అమెరికాలో మూడేళ్ళలో 7,000 కుష్ఠు కేసులు వచ్చాయని, అది వలసవాళ్ళ వల్లనే అన్న అర్థం వచ్చేట్టు చెప్పారు. అసలు సంగతేమిటంటే ఆ 7,000 ముప్పై ఏళ్ళ మొత్తం. మూడు పక్కన సున్నా ఎగిరిపోయింది, అంతే! రెండేళ్ళ తర్వాత ఇంకో ఛానల్ వాళ్ళు అడిగితే కూడా ఆయన, మేం చెప్పామంటే నిజమే అన్న ధోరణిలో నిలబడ్డాడు. న్యూయార్క్ టైమ్స్ సరైన లెక్క వేసింది. అయితే పొద్దుపోయాక కుర్చీలో కునికిపాట్లు పడుతూ టీవీ చూసిన పెద్దాయన మర్నాడు న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుని సవరణ చదువుకుంటాడా చెప్పు.

కానీ అంతా టీవీ మీదే తోసెయ్యడం కూడా న్యాయం కాదు. మీ కొలంబస్‌లోనే జర్మన్ విలేజ్ ఉంది, నువ్వు వెళ్ళే ఉంటావు, ఇటుక రోడ్లు, పాత ఇళ్ళు, షిల్లర్ పార్క్. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ జర్మన్ పుస్తకాలు నడివీధిలో తగలబెట్టారు, జర్మన్ వీధి పేర్లు మార్చారు, ఆ షిల్లర్ పార్క్‌కి కూడా వాషింగ్టన్ పార్క్ అని పేరు పెట్టారు, మళ్ళీ పాత పేరు రావడానికి ఏళ్ళు పట్టింది. అప్పటికి టీవీ పుట్టనే లేదు. కొత్తగా వచ్చినవాడంటే భయం పాతదే. దాన్ని ఎప్పుడు లేపాలో, ఎవరి మీదికి తిప్పాలో టీవీకి బాగా తెలుసు, అదే తేడా.

మరి ఆ భయం రక్తంలోనే ఉంటుందా అంటే, నేను ఒప్పుకోను. గ్యాలప్ సర్వేలు ఏటా ఒకే ప్రశ్న అడుగుతాయి: వలసలు పెంచాలా, తగ్గించాలా, ఇలాగే ఉంచాలా? 2020లో మొట్టమొదటిసారి, తగ్గించాలన్నవాళ్ళ కంటే పెంచాలన్నవాళ్ళు ఎక్కువ వచ్చారు. 2024కి తగ్గించాలన్నవాళ్ళు నూటికి 55 మంది అయ్యారు. 2025లో వాళ్ళు 30కి పడిపోయారు, వలసలు దేశానికి మంచివే అన్నవాళ్ళు 79. రక్తంలో ఉన్నది ఒక్క ఏడాదిలో 55 నుంచి 30కి దిగుతుందా? ముందు సరిహద్దు దగ్గర గుంపుల బొమ్మలు చూపించారు, అటు ఊగారు. తర్వాత పని చేసుకునేవాళ్ళని పట్టుకెళ్తున్న బొమ్మలు చూశారు, ఇటు ఊగారు. టీవీ ఒక్కటే కారణం అనను, ధరలు, ఎన్నికలు, ఇంకా బోలెడు ఉంటాయి. ఇంత ఊగే మనసుని మాత్రం రాయి అనుకోకు.

ఇక "నువ్వు వాళ్ళలాంటి దానివి కాదు" అన్న మాట. ఇది నాకూ తగిలింది చాలాసార్లు. ఆ మాట అన్నవాళ్ళు మనల్ని మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు, అందుకే జవాబు చెప్పడం కష్టం. ఆవిడ తలలో రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో "వలసవాళ్ళు", అందులోవన్నీ టీవీ పోసినవే. రెండో డబ్బాలో నువ్వొక్కదానివే ఉన్నావు, నీ గారెలతో సహా. మొదటి డబ్బాలోంచి నిన్ను తీసి విడిగా పెట్టుకుంది కాబట్టి, నువ్వెంత మంచిగా ఉన్నా మొదటి డబ్బాలో ఒక్క గింజ మారదు. ఇంకా చెప్పాలంటే, నువ్వు మంచిగా ఉన్నకొద్దీ నువ్వొక్కదానివే వేరు అన్న నమ్మకం గట్టిపడుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒక కామెడీ సీరియల్‌లోనే ఉంది. ఎన్‌బీసీలో సూపర్‌స్టోర్ అని వచ్చేది, సెయింట్ లూయిస్‌లో ఒక పెద్ద దుకాణంలో పనివాళ్ళ కథ. అందులో మాటేయో అనే ఫిలిపినో కుర్రాడు, గడుసువాడు, కాస్త దొంగబుద్ధి, పోటీ మనస్తత్వం, అందరినీ దెప్పుతుంటాడు. రెండో సీజన్‌లో వాడికే తెలుస్తుంది తనకి కాగితాలు లేవని. 2019లో నాలుగో సీజన్ చివర ఐస్ అనే ఇమిగ్రేషన్ శాఖ అధికారులు దుకాణానికొచ్చి పట్టుకెళ్తారు. ఆ డిఫైన్ అమెరికన్ వాళ్ళే చూసేవాళ్ళని అడిగితే, మాటేయో తమ స్నేహితుడిలా అనిపించినవాళ్ళు వలసల పట్ల మెత్తబడ్డారు, అందులోనూ నిజజీవితంలో వలసవాళ్ళెవరూ పెద్దగా తెలియనివాళ్ళలో ఆ మార్పు ఎక్కువ కనబడింది. వాడు దేవుడిలాంటి మనిషి కాదు, కన్నీళ్ళు పెట్టించే ఏకపాత్రాభినయాలూ లేవు. ఏళ్ళ తరబడి వారం వారం ఇంటికొచ్చి నవ్వించి వెళ్ళాడు. అంతే వాడు చేసింది.

దీన్నుంచి నీకు పనికొచ్చేది చెబుతాను. ఆవిడ దగ్గర మంచిదానిలా ఉండటం తగ్గించి, నీ మామూలు గొడవలు చెప్పుకోవడం పెంచు. నువ్వు రాసినదాన్ని బట్టి ఆవిడకి నీ గారెలు తెలుసు, నీ హెచ్4 తెలియదు. వాళ్ళు అందరిలా వరసలో నిలబడి రావచ్చుగా అని ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటుంది, అక్కడ అందరూ అంటారు. ఆ వరస ఎంత పొడుగో ఆవిడకి తెలుసా? టీవీ ఎప్పుడూ చూపించదు, ఎందుకంటే ఎదురుచూడటాన్ని ఎలా షూట్ చేస్తారు? ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడాదికి 7 శాతం పరిమితి ఉందని, మన దేశంవాళ్ళకి అందుకే దశాబ్దాలు పడుతుందని, నీ కొడుకు రెండేళ్ళప్పుడు వచ్చి, తెలుగు రాయడం కూడా రాకుండా అచ్చం ఒహాయో పిల్లాడిలా పెరుగుతున్నా, 21 నిండేలోపు గ్రీన్‌కార్డ్ అందకపోతే వాళ్ళ నాన్న వీసా మీద వాడికున్న హెచ్4 పోతుందని చెప్పు. చిన్నప్పుడు వచ్చి కాగితాల్లేకుండా ఉన్న పిల్లల్ని పంపేయకుండా 2012లో తెచ్చిన డాకా కూడా వాడికి అందదు, అది 2007 నాటికే ఇక్కడున్నవాళ్ళకి. వాడికంటే ముందు వచ్చి, అప్పటికి సరైన కాగితాలతో ఉన్న పిల్లలకి కూడా అది వర్తించలేదు, కాగితాలున్నాయి కాబట్టే! ఈ ముక్క చెప్పినప్పుడు అమెరికన్ల మొహాలు చూడాలి నువ్వు. మా న్యూజెర్సీలో నా వాకింగ్ స్నేహితురాలు, ఈ దేశంలోనే పుట్టి పెరిగినావిడ, నడుస్తున్నదల్లా ఆగిపోయి "అలా ఎలా కుదురుతుంది?" అని నా మీదే కోప్పడింది, ఆ రూల్ నేనే రాసినట్టు.

ఇక ఆ మాట మళ్ళీ వస్తే, వస్తుంది, వాదన పెట్టుకోకు. లెక్కలు, శాతాలు తియ్యకు, అవి నీకోసం చెప్పాను. నవ్వి తప్పించుకోవడం కూడా వద్దు. మామూలు గొంతుతో, "మీకు వాళ్ళలో ఎవరైనా తెలుసా?" అని అడుగు. ఎత్తిపొడుపు లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగాలి సుమా. లేదంటుంది. "మరి నేను తెలియకముందు నా గురించి ఏమనుకున్నారు?" అని అడుగు. అక్కడ కాసేపు ఆగు, ఖాళీ నింపకు, మనవాళ్ళకి ఆ అలవాటుంది, ఎదుటివాళ్ళు ఇబ్బంది పడుతుంటే మనమే అందుకుని "పర్లేదులెండి" అనేస్తాం. తర్వాత ఆ బేస్‌మెంట్‌లో దొరికిన పిల్లి కథ చెప్పు. పిల్లిని పెంచేవాళ్ళకి పిల్లి కథ నచ్చుతుంది. వీలైతే వాళ్ళ తాతముత్తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారో అడుగు. జర్మనీ అంటే మటుకు షిల్లర్ పార్క్ సంగతి ఎత్తు.

ఆవిడ ఒక్కరోజులో ఛానల్ మార్చేస్తుందని నేను చెప్పను. మార్చకపోవచ్చు కూడా. రోజుకి పది గంటలు మాట్లాడే టీవీతో నువ్వు వారానికి పావుగంట పోటీ పడాలి.

మీ ఆయన మాటకొస్తాను. ఆయన కష్టం నాకు అర్థమవుతుంది, అన్ని కాగితాలూ సర్దుకుని, ఫీజులు కట్టి, స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడల్లా గుండె అరచేతిలో పెట్టుకుని తిరిగిన మనిషికి, మమ్మల్ని వాళ్ళతో కలపకండి అనిపిస్తుంది. కానీ చూసేవాడి కళ్ళలో ఉన్న బొమ్మకి వీసా నంబర్ ఉండదు. 2013లో నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచిన రాత్రి, ఏబీసీలో లైవ్‌లో చూసిన కొందరు ట్విట్టర్‌లో ఆ పిల్లని అరబ్ అన్నారు, టెర్రరిస్ట్ అన్నారు. మన తెలుగువాళ్ళ పిల్ల, పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపిన సంగతి మీ ఆయనకి గుర్తుండే ఉంటుంది. ఆఫీసయ్యాక స్నేహితుడు అలోక్‌తో బార్‌లో కూర్చుంటే, ఆ తుపాకీవాడు మీరు ఏ వీసా మీద వచ్చారు, ఇల్లీగలా అని అడిగాడు. అన్నీ సక్రమంగా ఉన్నవాళ్ళే వాళ్ళిద్దరూ. వాడికి ఆ జవాబు అవసరమే లేకపోయింది. కాల్చాక ఇంకో చోటికి వెళ్ళి ఇరానీయులని చంపానని చెప్పుకున్నాడు. వాడు ఏ ఛానల్ చూసి అలా తయారయ్యాడో నేను చెప్పలేను, చెప్పబోను. వాడి తలలో ఉన్న "వాళ్ళు" అన్న డబ్బాలో హైదరాబాదీకీ, ఇరానీకీ తేడా లేదన్నది మాత్రం అందరికీ తెలిసింది.

(ఆయనని మరీ నిలదీయకు. మనమూ తక్కువేం తినలేదు. మన సినిమాల్లో గూర్ఖా వాచ్‌మన్ "సాబ్" అంటూ కళ్ళు చికిలించుకుని రాగానే హాలంతా ఘొల్లుమనేది, నేనూ నవ్వాను. ఆ నేపాలీ మనిషి ఇల్లు ఎక్కడ, పిల్లలు ఏం చదువుతున్నారు అని మాకు ఎప్పుడూ తోచలేదు.)

ఇప్పుడు బాబు. ఆ "థాంక్యూ, కమ్ అగైన్" ఎక్కడిదో ఆ బస్సులో పిల్లలకి బహుశా తెలియదు కూడా. అది ద సింప్సన్స్ కార్టూన్‌లో దుకాణం నడిపే అపూ మాట. 1990లో వచ్చాడు ఆ అపూ, ఏళ్ళ తరబడి అమెరికన్ టీవీలో అందరికీ తెలిసిన భారతీయుడంటే వాడొక్కడే. గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆ యాసకి కొంత ఆధారం పీటర్ సెల్లర్స్ అని, ఆయనే చెప్పాడు. ఆ సెల్లర్స్ 1968లో ఒక సినిమాలో మొహానికి రంగు పూసుకుని ఇండియన్ వేషం వేసిన ఇంగ్లీషాయన. అంటే నీ కొడుకుని వెక్కిరిస్తున్న యాస మీ ఇంట్లోదీ కాదు, మా ఇంట్లోదీ కాదు, నకలుకి నకలు.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో, 1998 అనుకుంటా, ఒక గ్యాస్ స్టేషన్‌లో పాలు కొని డబ్బులిస్తుంటే కౌంటర్ వెనక కుర్రాడు నాకు చిల్లర ఇస్తూ ఆ మాట ఆ యాసలోనే అన్నాడు. వెనక లైన్‌లో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు అది ఎక్కడిదో తెలియక, అందరూ నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వాను. కారులో కూర్చున్నాక మా ఆయన చెప్పారు అదేమిటో. ఆ పాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అసలు నేనెందుకు నవ్వాను అని ఇంటికి వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను. అందుకని నీ కొడుకు "నువ్వు మాట్లాడకు" అంటే నాకు వాడి మీద కోపం రావడం లేదు. వాడికి నీ మీద సిగ్గు లేదు, నిన్ను ఎవరైనా నవ్వుతారేమోనని కాపలా కాస్తున్నాడు.

వాడికి హరి కొండబోలు కథ చెప్పు. ఇంటిపేరు వినగానే వాడికే తెలుస్తుంది మనవాడని. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టి, ఇలాంటి వెక్కిరింతల మధ్యే పెరిగి, కమెడియన్ అయ్యి, 2017లో అపూ మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. దానికి 2018లో ఆ సీరియల్ వాళ్ళు పెడసరంగా జవాబిచ్చారు, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయిందట, మేమేం చెయ్యగలం అని ఆ కార్టూన్‌లోని లీసా అనే పిల్ల చేత అనిపించారు. కానీ 2020లో అజారియా ఆ గొంతు ఇవ్వడం మానేశాడు, 2021లో బాహాటంగా క్షమాపణ చెప్పాడు. డాక్యుమెంటరీలో పెద్దవాళ్ళ మాటలు కొన్ని ఉంటాయి, ముందు నువ్వు చూసి తర్వాత వాడికి చూపించాలో వద్దో తేల్చుకో.

టీవీ ఆపేస్తావా అన్నావు. ఆపకు. ఆపితే వాడు నీ దగ్గర కాకుండా బస్సులో చూస్తాడు, ఎవడో ఫోన్‌లో ముప్పై సెకన్ల ముక్క. పక్కన కూర్చుని చూడు. అదే సింప్సన్స్‌లో 1996లో వచ్చిన ఒక ఎపిసోడ్ వాడికి చూపించు, వినడానికే చిత్రంగా ఉంటుంది. ఊళ్ళోకి ఒక ఎలుగుబంటి వస్తుంది. జనం గోల చేస్తే మేయర్ ఎలుగుబంట్లని తరిమే దళం పెడతాడు. దానికి పన్ను పడుతుంది. పన్నెందుకు పెరిగిందని మళ్ళీ జనం గోల. మేయర్ తప్పించుకోవడానికి ఇదంతా కాగితాల్లేని వలసవాళ్ళ వల్లే అనేస్తాడు, వాళ్ళని పంపేద్దామని ఓటింగ్ పెడతారు, అపూ పెట్టె సర్దుకునే పరిస్థితి వస్తుంది. పక్కా దొంగ కాగితాలు కొనుక్కుని, అమెరికన్ యాస తెచ్చిపెట్టుకుని, చివరికి సిగ్గుపడి అవి పారేసి, చదువుకుని సిటిజన్‌షిప్ పరీక్ష పాసవుతాడు. 1994లో కాలిఫోర్నియాలో కాగితాల్లేని పిల్లలకి చదువు కూడా వద్దని పెట్టిన ప్రొపోజిషన్ 187 మీద వెటకారం అది. ఆ కార్టూన్ ఊరి పేరు ఏమిటో తెలుసుగా? స్ప్రింగ్‌ఫీల్డ్!

ఒకే సీరియల్ మనకి ఆ వెక్కిరింతా ఇచ్చింది, ఈ ఎపిసోడూ ఇచ్చింది. పదకొండేళ్ళవాడికి ఇది అర్థమవుతుంది, మనం అనుకునేదానికంటే ఎక్కువే అర్థమవుతుంది. ఎలుగుబంటి ఎవరు, మేయర్ ఎవరు అని వాడినే అడుగు.

బస్సు సంగతి మాత్రం టీవీ చర్చలతో ఊరుకోవద్దు. తేదీలు, ఎవరెవరు, ఏమన్నారు, రాసిపెట్టుకుని స్కూల్ కౌన్సెలర్‌కి ఈమెయిల్ పెట్టు. ఫోన్ కాదు, ఈమెయిల్. జవాబు రాకపోతే వారానికి మళ్ళీ పెట్టు. వచ్చే మీటింగ్‌లో నువ్వే మాట్లాడు, వాడు పక్కన ఉండగా. "వెజిటబుల్" నువ్వెలా అంటావో అలాగే అను. టీచర్ అర్థం చేసుకుంటుంది, మాట్లాడుతుంది, ఆకాశం విరిగి మీద పడదని వాడు కళ్ళతో చూడాలి.

పక్కింటికి వెళ్ళేటప్పుడు ఒక్క చిట్కా. ఆవిడ వంటింట్లో టీవీ వినబడదు అనుకుంటా, గారెలు అక్కడ వేడిచేసుకుందాం రండి అని నువ్వే లేపి తీసుకెళ్ళు. కొబ్బరి చట్నీ కొంచెం ఎక్కువ పట్టుకెళ్ళు, కారం తగ్గించి. ఆవిడ పిల్లి పేరేమిటో నువ్వు రాయలేదు. ఈసారి రాసినప్పుడు అది, ఆవిడ ఏమందో అది, రెండూ రాయి.